కాలేజీ మాటలు – ఆడపిల్లల హక్కులు

(బేతంచెర్లలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ఉపన్యాస పాఠం)



ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. కాలేజీలో చేరేటప్పుడు వాడే మాటలేమిటి, చేరే పద్ధతి ఏమిటి అని. మనం వరకట్నం గురించి, సారా గురించి, కూలి రేట్ల గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. దరఖాస్తు ఫారం గురించి మహిళా సంఘం మాట్లాడుకోవడమేమిటి, అది పిల్లలూ లెక్చరర్లూ చూసుకుంటారు కదా అని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది.

కానీ చూడండి. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజునుంచి డిగ్రీ క్లాసులు మొదలయ్యేదాకా ఉన్న మూడు నాలుగు నెలలు ఆడపిల్ల జీవితంలో చాలా పెద్ద కాలం. ఆ నెలల్లోనే పెళ్ళి సంబంధాలు వస్తాయి. ఆ నెలల్లోనే "ఆడపిల్లను అంత దూరం యాడికి పంపిస్తావు" అనే మాట వస్తుంది. అదే సమయంలో ఆ పిల్ల చేతికి ఎవరూ అర్థం చెప్పని మాటలు కొన్ని వస్తాయి. కన్వీనర్ కోటా, లోకల్, వెబ్ ఆప్షన్లు, స్పాట్, రిపోర్టింగ్. ఒక్కో మాట వెనక ఒక తేదీ ఉంటుంది, కొంత డబ్బు ఉంటుంది, ఒక హక్కు ఉంటుంది. మాట తెలియకపోతే ఆ మూడూ పోతాయి. చదువుకున్న ఇంట్లో ఈ మాటలు పిల్లలకి వినికిడి మీదే వస్తాయి. పాలిష్ ఫ్యాక్టరీలో రాయి మోసే తల్లికీ, నాపరాయి గనిలో పనిచేసే తండ్రికీ పుట్టిన పిల్లకి ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి. చెప్పాలంటే ముందు మనకి తెలియాలి. అందుకే ఈ కాసేపు.

పదో తరగతి దగ్గర మొదటి మలుపు

కాలేజీ అంటే ఇంటర్ తర్వాత మొదలవుతుందనుకుంటాం. నిజానికి దారి పదో తరగతి దగ్గరే చీలుతుంది. ఇంటర్‌లో తీసుకునే గ్రూపును బట్టి తర్వాత ఏ తలుపులు తెరిచి ఉంటాయో తేలుతుంది. ఎం.పి.సి. తీసుకుంటే ఇంజనీరింగ్‌కి వెళ్ళవచ్చు. బై.పి.సి. తీసుకుంటే వ్యవసాయం, నర్సింగ్, వైద్యం. ఫార్మసీకి ఈ రెండు గ్రూపులవాళ్ళూ వెళ్ళవచ్చు. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. తీసుకున్నవాళ్ళు బి.ఏ., బి.కాం.లకే కాదు, లాసెట్ రాసి అయిదేళ్ళ న్యాయవిద్యకి కూడా వెళ్ళవచ్చు. ఈ సంగతి చాలామంది అమ్మాయిలకు తెలియదు. ఆడపిల్ల విషయంలో గ్రూపు ఎలా నిర్ణయమవుతోంది? నడిచి వెళ్ళగలిగే కాలేజీలో ఏది ఉంటే అది. తమ్ముడి విషయంలో మాత్రం హాస్టల్ గురించి ఆలోచిస్తారు.

పదో తరగతితోనే తెరుచుకునే మరో రెండు తలుపులున్నాయి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరవచ్చు. తర్వాత ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇక 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలు. ఇడుపులపాయలో ఉన్నది మనకు దగ్గర. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ చదువుకి తీసుకుంటారు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకి వెనకబాటు కింద 4 శాతం కలుపుతారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివే పిల్లలకి ఇది పెద్ద ఆసరా.

పరీక్ష తప్పిన పిల్ల గురించి కూడా ఒక మాట. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయిందంటే "ఇంక చదువు చాల్లే" అంటారు. ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు పెడతారు. అందులో పాసైతే ఏడాది పోకుండా ఆ సంవత్సరమే డిగ్రీలో చేరవచ్చు. ఆ ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు చాలా తక్కువ. పిల్ల ఏడుస్తూ కూచున్న నాలుగు రోజుల్లో అది దాటిపోతుంది.

సీటు: కోటా, లోకల్, రిజర్వేషన్

ఇంజనీరింగ్, ఫార్మసీ, వ్యవసాయ కోర్సులకు 1986 నుంచి ఎంసెట్ పరీక్ష ఉండేది. వైద్యం సీట్లు నీట్ పరీక్షకి వెళ్ళిపోయాక, 2021లో మన రాష్ట్రంలో దాని పేరు ఈఏపీసెట్ అయింది. పేరు మారినా సూత్రం ఒకటే. ర్యాంకు వస్తుంది, ర్యాంకు వరసలో సీట్లు ఇస్తారు.

ప్రైవేటు కాలేజీ సీట్లు రెండు రకాలు. ప్రభుత్వం నియమించిన కన్వీనర్ ర్యాంకు ప్రకారం నింపేవి కన్వీనర్ కోటా. యాజమాన్యం నింపుకునేవి మేనేజ్‌మెంట్ కోటా. ఇంజనీరింగ్‌లో ఇవి 70, 30 శాతం. ఈ తేడా వెనక పెద్ద పోరాటమే ఉంది. డొనేషన్లను నిషేధిస్తూ మన రాష్ట్రం 1983లో చట్టం చేసింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అనే మాటలు వచ్చాయి. మీలో పెద్దవాళ్ళకి ఆ మాటలు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు పేర్లు మారాయి. కన్వీనర్ సీటుకి ఫీజు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకి వర్తించదు. కౌన్సెలింగ్ అయిపోయాక మిగిలిన సీట్లను కాలేజీలో నేరుగా ఇస్తారు, అది స్పాట్ అడ్మిషన్. దానికీ రీయింబర్స్‌మెంట్ రాదు. ఈ ఒక్క ముక్క తెలియక అప్పులపాలైన కుటుంబాలు మీ అందరికీ తెలిసినవే.

తర్వాతి మాట లోకల్. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు. రాజ్యాంగంలో 371-డి అధికరణం దీనికి ఆధారం. మన రాయలసీమ, నెల్లూరు కలిపి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. ఇక్కడ లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు, చదివిన చోటు. ఇంటర్ రెండేళ్ళూ కలిపి వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులు. వరసగా నాలుగేళ్ళు లేకపోతే ఏడేళ్ళ చదువు చూస్తారు. అందుకే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. కర్నూలు ప్రాంతంనుంచి మిరపకాయల కోతకని గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలున్నాయి. పిల్ల మధ్యలో అక్కడి బడిలో చేరి ఉంటే, ఆ బడినుంచి కూడా కాయితం తెచ్చుకోవాలి. కౌన్సెలింగ్ రోజున పరుగెత్తితే దొరకదు. బడి వదిలిన రోజే తీసుకోవాలి.

ఇక మనకు ముఖ్యమైనది మహిళా రిజర్వేషన్. ఎస్.సి., ఎస్.టి., బి.సి., ఓపెన్ – ప్రతి విభాగంలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలకు. ఇది వేరే గుంపు కాదు, ప్రతి గుంపు లోపలా ఉండే వాటా. మూడో వంతు అంటే అంతకు మించకూడదని కాదు, అంతకు తగ్గకూడదని. అయితే నిబంధనలో ఇంకో వాక్యం కూడా ఉంది. ఆ విభాగంలో అర్హత ఉన్న అమ్మాయిలు లేకపోతే ఆ సీటు అదే విభాగం అబ్బాయిలకు పోతుంది. అమ్మాయి ర్యాంకు తెచ్చుకుని కూడా ఆప్షన్ పెట్టకపోతే, ఆ సీటుకి ఆమె లేనట్టే లెక్క.

ఆప్షన్ ఎవరు పెడుతున్నారు?

ఇదే ఇవాళ నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది. పూర్వం డిగ్రీలో చేరాలంటే ప్రిన్సిపాల్ గది ముందు నిలబడేవాళ్ళం. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి కూడా ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. తెలంగాణలో 'దోస్త్' పేరుతో 2016లోనే మొదలయింది. రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, కాలేజీలో రిపోర్టింగ్ – వరస ఇది. వెబ్ ఆప్షన్లు అంటే కావలసిన కాలేజీలనీ కోర్సులనీ ఒకటి, రెండు, మూడు అని మన ఇష్టం వరసలో పెట్టడం. ర్యాంకుకి వస్తుందో రాదో అని భయపడి కింద పెట్టుకోనక్కర్లేదు. బాగా కావలసినదాన్నే మొదట పెట్టాలి. అది రాకపోతే కంప్యూటర్ రెండోది చూస్తుంది. మొదటిది పెట్టినందువల్ల రెండోది పోదు.

కానీ ఆప్షన్లు ఎక్కడ పెడుతున్నారు? నెట్ సెంటర్లో. ఎవరు పెడుతున్నారు? అన్నో, మామో, నెట్ సెంటర్ అబ్బాయో, కాలేజీ తరఫున ఊళ్ళు తిరిగే పి.ఆర్.ఓ.నో. ఫోన్ నంబరు ఎవరిది? ఆ అమ్మాయిది కాదు, చాలా ఇళ్ళలో ఆమెకి ఫోనే లేదు. ఓ.టి.పి. ఎవరి ఫోన్‌కి వస్తే నిర్ణయం వారి చేతిలో ఉంటుంది. కేటాయింపు కబురు కూడా ఆ ఫోన్‌కే వస్తుంది. రిపోర్టింగ్ గడువు లోపల వెళ్ళకపోతే సీటు రద్దు. కబురు తెలియక గడువు దాటితే ఆ పిల్ల "సీటు రాలేదు" అనుకుంటుంది. సీటు వచ్చింది, ఆమె దాకా రాలేదు.

ఆప్షన్ల జాబితా చూస్తే ఇంటి మనసు తెలుస్తుంది. అబ్బాయి జాబితాలో కర్నూలు, అనంతపురం, తిరుపతి, విజయవాడ ఉంటాయి. అమ్మాయి జాబితాలో రైలెక్కి సాయంత్రానికి తిరిగి రాగలిగే నంద్యాల, డోన్ మాత్రమే ఉంటాయి. తిరుపతిలో 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉందని, కర్నూల్లో కె.వి.ఆర్. ప్రభుత్వ మహిళా కళాశాల ఉందని తెలిసినా ఆ పేర్లు పైకి రావు. దగ్గర కాలేజీలో చేరడం తప్పని నేననడం లేదు. ఇంటి పరిస్థితులు మనకు తెలుసు, బస్సుల్లో ఆడపిల్లలు పడే బాధలూ తెలుసు. ఆ జాబితా తయారయ్యేటప్పుడు అమ్మాయి పక్కన కూచుందా లేదా అన్నదే నా ప్రశ్న. చట్టం మూడో వంతు సీట్లు ఇచ్చింది. వివక్ష చట్టంలోంచి పోయి ఆప్షన్లలో కూచుంది.

డబ్బు: ప్రభుత్వ బకాయి పిల్ల బకాయి కాదు

ఫీజు రీయింబర్స్‌మెంట్ కథ మీకు తెలిసిందే. 2019లో విద్యాదీవెన పేరుతో ఆదాయ పరిమితిని కుటుంబానికి ఏడాదికి 2.5 లక్షలుగా పెట్టారు. ఆ పథకంలో డబ్బు తల్లి ఖాతాలో వేసేవారు. 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీకే ఇచ్చే పద్ధతికి తిరిగి వచ్చారు. రెండింటిలోనూ మంచీ ఉంది, చెడూ ఉంది. తల్లి ఖాతాలో పడినప్పుడు తన కూతురి చదువుకి ఎంతవుతోందో తల్లికి తెలిసేది. కానీ ఆలస్యమైతే కాలేజీవాళ్ళు ఆ తల్లినే నిలదీసేవారు. ఇప్పుడు డబ్బు వచ్చిందో లేదో తల్లికి తెలిసే మార్గం తక్కువ. బాధ్యత కాలేజీకీ ప్రభుత్వానికీ మధ్య ఉండాల్సింది, ఆచరణలో మాత్రం ఒత్తిడి పిల్ల మీదే పడుతోంది. హాల్‌టికెట్ ఇవ్వం, టి.సి. ఇవ్వం అంటారు. మనం స్పష్టంగా చెప్పాలి. ప్రభుత్వం కట్టాల్సిన బకాయికి పిల్ల సర్టిఫికెట్లు తాకట్టు కావు.

చేరేటప్పుడు రెండు సంగతులు అడగాలి. ఈ సీటు కన్వీనర్ కోటాలోదేనా? ట్యూషన్ ఫీజు కాక ఇంకేమేం కట్టాలి? బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజు, "స్పెషల్ ఫీజు" – ఇవన్నీ చేరాక ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. తెల్లకాయితం మీద రాసిచ్చినది రసీదు కాదు. అలాగే స్కాలర్‌షిప్పుకి 75 శాతం హాజరు తప్పనిసరి. పెళ్ళిళ్ళకనీ, పనులకనీ మాన్పించేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

సర్టిఫికెట్లు పిల్లవి

ఊళ్ళోకి వచ్చిన పి.ఆర్.ఓ. మొదట అడిగేది పదో తరగతి ఒరిజినల్, ఇంటర్ ఒరిజినల్, టి.సి. "మా దగ్గర పెట్టండి, సీటు మేం చూసుకుంటాం" అంటాడు. ఇచ్చాక ఆ పిల్ల ఇంకో కాలేజీవైపు చూడలేదు. ఇది ఒక రకమైన వెట్టి.

దీనిమీద యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చింది. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూసి, సరిపోల్చుకుని, విద్యార్థికి తిరిగి ఇచ్చేయాలి. తమ దగ్గర ఉంచుకోకూడదు. మానేసిన విద్యార్థికి ఫీజు ఎంత తిరిగి ఇవ్వాలో కూడా అందులోనే ఉంది. ప్రకటించిన ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందు మానేస్తే మొత్తం ఫీజు, అందులో ఖర్చుల కింద 5 శాతం, అదీ 5,000 మించకుండా పట్టుకోవచ్చు. ఆఖరి తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం. ఆ తేదీ దాటిన 15 రోజుల లోపు 80 శాతం. 30 రోజుల లోపు 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. కొన్ని సంవత్సరాల్లో ఇంకా అనుకూలమైన తేదీలతో ప్రత్యేక ఉత్తర్వులు కూడా వచ్చాయి. కాబట్టి మానేయాలనుకుంటే నోటితో చెప్పి ఊరుకోకూడదు. తేదీ వేసి రాసిచ్చి, ముద్ర వేయించుకుని నకలు దగ్గర పెట్టుకోవాలి.

భర్త వదిలేసిన తల్లులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. ఫారంలో "తండ్రి సంతకం" అన్న గడి దగ్గర వాళ్ళు ఆగిపోతారు. పదిహేడేళ్ళ పిల్లకి తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి పట్టించుకోని చోట తల్లి సంతకం చెల్లుతుంది. ఎక్కడున్నాడో తెలియని మనిషిని వెతుక్కుంటూ సంతకం కోసం తిరగాల్సిన పనిలేదు.

చేరాక వినబడే మాటలు

డిగ్రీలో 2015-16 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. ఏడాదికి రెండు సెమిస్టర్లు. ఒక్కో పేపరుకి ఇన్ని క్రెడిట్లు అని ఉంటాయి, అవన్నీ కూడితేనే పట్టా. తప్పిన పేపరు బ్యాక్‌లాగ్. దాన్ని తర్వాత రాసుకోవచ్చు, దానికోసం చదువు ఆపనక్కర్లేదు. పూర్వం బి.ఎస్సీ. అంటే మూడు సబ్జెక్టులూ సమానం. 2023-24లో ఒక మేజర్, ఒక మైనర్ అనే పద్ధతి తెచ్చారు. మేజర్ అంటే పట్టా ఏ సబ్జెక్టులో వస్తుందో అది. తర్వాత పి.జి.కి, టీచర్ ఉద్యోగానికి అదే చూస్తారు. కాబట్టి సీటు దొరికిందని ఏదో ఒక మేజర్‌లో చేరకుండా ముందే అడగాలి. మూడేళ్ళకి డిగ్రీ ఇస్తారు, నాలుగో ఏడు చదివితే ఆనర్స్.

కాలేజీ గోడమీద అటానమస్ అని ఉంటే ఆ కాలేజీ తన పరీక్షలు తానే పెట్టుకుంటుందని అర్థం. పట్టా మాత్రం విశ్వవిద్యాలయమే ఇస్తుంది. అనుబంధ కాలేజీ అయితే పరీక్ష కూడా విశ్వవిద్యాలయానిదే. 2008లో ఏర్పడిన కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం మన ప్రాంతానిది. గుర్తింపులేని "యూనివర్సిటీ"ల జాబితాను యూజీసీ ప్రకటిస్తూ ఉంటుంది. పేరు తెలియని చోట డబ్బు కట్టేముందు అది చూడాలి.

పెళ్ళయిన అమ్మాయి చదువు ఆగిపోవాలని ఎక్కడా లేదు. డిగ్రీ, పి.జి. చదివే స్త్రీలకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నిబంధనలు చేసుకోమని యూజీసీ 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు రాసింది. వేధింపుల విషయానికొస్తే, ప్రతి కాలేజీలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. 2013 చట్టం, యూజీసీ 2015 నిబంధనలు విద్యార్థినులను కూడా దాని కిందకి తెచ్చాయి. ర్యాగింగ్ మన రాష్ట్రంలో 1997 చట్టం ప్రకారం నేరం. దేశమంతటికీ ఉచిత ఫోన్ నంబరు 1800-180-5522. కాలేజీలో కమిటీ సభ్యుల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయని అడగడం తప్పేమీ కాదు. అడిగే తల్లిదండ్రులున్న పిల్లని వేధించేవాడు కూడా కాస్త వెనకాడతాడు.

మనం చేయగలిగినవి

ఇంత చెప్పాక పని చెప్పకపోతే లాభం లేదు.

ఒకటి, ఫలితాలు రాకముందే, మార్చి నెలలో, మన సంఘాలున్న ప్రతి ఊళ్ళో పదో తరగతి, ఇంటర్ రాస్తున్న అమ్మాయిల పేర్లు రాసుకుందాం. కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకటిగా ఉన్నాయా అన్నవి అప్పుడే చూద్దాం. తప్పుంటే సరిచేసుకోవడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.

రెండు, ఫారంలో అమ్మాయి ఫోన్ నంబరో, తల్లిదో మాత్రమే ఇప్పిద్దాం. పాస్‌వర్డ్ పిల్ల పుస్తకంలో రాసిపెట్టుకోమందాం. ఆప్షన్లు పెట్టేటప్పుడు పిల్ల కుర్చీలో ఉండాలి. మనలో ఒకరు పక్కన ఉండాలి.

మూడు, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వవద్దని ఊరూరా చెబుదాం. ఇప్పటికే ఇచ్చినవాళ్ళ వివరాలు రాసుకుని, అందరం కలిసి వెళ్ళి అడుగుదాం. ఒక్క తల్లి వెళితే "రేపు రా" అంటారు. పదిమంది ఉత్తర్వు కాయితం పట్టుకుని వెళితే అలా అనడం కష్టం.

నాలుగు, చేరిన పిల్లల్ని మొదటి సెమిస్టర్ అయ్యేదాకా నెలకోసారి పలకరిద్దాం. మానేసేవాళ్ళు ఎక్కువగా ఆ కాలంలోనే మానేస్తారు. కారణం ఫీజా, బస్సా, పెళ్ళా, వేధింపా అన్నది మనకు ముందుగా తెలిస్తే ఏదో ఒకటి చేయగలం.

ఇందులో ఏదీ పెద్ద చదువు కావలసిన పని కాదు. బ్యాంకుల దగ్గర, రేషన్ కార్డుల దగ్గర, పోలీసు స్టేషన్ల దగ్గర మాటలు నేర్చుకున్నాం, నేర్చుకుని మన పనులు చేయించుకున్నాం. ఈ మాటలూ అలాంటివే. వచ్చే ఫలితాల రోజున బేతంచెర్లలో ఏ అమ్మాయీ కన్వీనర్ అంటే ఏమిటో తెలియక స్పాట్ సీటులో చేరకుండా చూడగలిగితే, ఈ సమావేశం పెట్టుకున్నందుకు ఫలితం దక్కినట్టే. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. మీ ఊళ్ళలో జరిగినవి చెప్పండి. మార్చిలో ఏ ఊరికి ఎవరు వెళ్ళాలో ఇవాళే రాసుకుని లేద్దాం.